ఆదివారం పరుగుకి వేగం ఎవరు నిర్ణయించాలి?

ఆదివారం తెల్లవారుజామున హైదరాబాదులో కేబీఆర్ పార్కు చుట్టూనో, నెక్లెస్ రోడ్డు మీదో, విశాఖలో ఆర్.కె. బీచ్ దగ్గరో ఒక్కసారి నిలబడి చూడండి. చీకటి పూర్తిగా విడవక ముందే గుంపులు గుంపులుగా జనం పరిగెత్తుతూ కనిపిస్తారు. పోలీసు ఉద్యోగాల సెలక్షన్లకి తయారయ్యే కుర్రాళ్ళు కారు వీళ్ళు. బ్యాంకుల్లో, ఆసుపత్రుల్లో, సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో పనిచేసేవాళ్ళు, రిటైరైనవాళ్ళు, పిల్లలు చేతికందాక తమకంటూ కాస్త తీరిక దొరికిన అమ్మలు. వారంలో మిగతా రోజులు ఎవరి వీలునిబట్టి వాళ్ళు నాలుగైదు కిలోమీటర్లు పరిగెత్తుకుంటారు. ఆదివారం మాత్రం అందరూ కలిసి పదిహేను, ఇరవై, కొందరైతే ముప్పై కిలోమీటర్లు. దీన్ని వాళ్ళు లాంగ్ రన్ అంటారు. ఆగస్టు నెలాఖరున జరిగే హైదరాబాద్ మారథాన్‌కి అసలు తయారీ ఇదే. ఈ పూట నేను మాట్లాడబోయేది ఈ లాంగ్ రన్ గురించి. అందులోనూ ఒకే ఒక్క ప్రశ్న గురించి. పదిమంది కలిసి పరిగెత్తేటప్పుడు వేగం ఎవరు నిర్ణయించాలి?

చాలా గుంపుల్లో ఎవరూ నిర్ణయించరు. దానంతట అదే తేలిపోతుంది. ముందు వరసలో ఇద్దరు బలమైనవాళ్ళుంటారు. మాటల్లో పడి కాస్త ముందుకు సాగుతారు. వెనకవాళ్ళు అందుకోవాలని వేగం పెంచుతారు. వెనక అడుగుల చప్పుడు వినబడగానే ముందువాళ్ళు ఇంకాస్త పెంచుతారు. పోటీ పడుతున్నామని ఎవరూ అనుకోరు. అడిగి చూడండి, "అబ్బే, ఈజీగానే వెళ్తున్నాం" అంటారు. ఐదో కిలోమీటరుకి కబుర్లు ఆగిపోతాయి. పదో కిలోమీటరుకి గుంపు తెగిపోతుంది. పదిహేనో కిలోమీటరుకి చివరి ముగ్గురు నడుం మీద చేతులు పెట్టుకుని నడుస్తుంటారు. పొద్దున బయల్దేరింది ఒక గుంపు. తిరిగి చేరింది పదిమంది విడివిడి మనుషులు. ఇది వాళ్ళ తప్పు అనను. గుంపు స్వభావమే అది. గుంపు మనిషిని తెలియకుండానే వేగంగా పరిగెత్తిస్తుంది. అందుకే నేనంటాను, లాంగ్ రన్‌లో గుంపుకి మనం అప్పగించాల్సిన పని మనల్ని తరమడం కాదు, పట్టి ఉంచడం. మళ్ళీ చెబుతున్నాను. తరమడం కాదు, పట్టి ఉంచడం. వేగాన్ని నిర్ణయించాల్సింది అందరికంటే ముందున్న కాళ్ళు కావు. అందరికంటే ఎక్కువ ఆయాసపడుతున్న ఊపిరి.

గుంపు వేగం పెంచుతుందన్న మాట నేను ఊరికే అనడం లేదు. నూట పాతికేళ్ళ కిందటే దీని మీద లెక్కలు కట్టారు. అమెరికాలో నార్మన్ ట్రిప్లెట్ అనే ఆయన సైకిల్ పందాల రికార్డులు ముందేసుకుని కూర్చున్నాడు. ఒంటరిగా గడియారంతో పోటీపడి తొక్కినవాళ్ళకంటే, తోడుగా మరొకరు తొక్కుతుండగా తొక్కినవాళ్ళు స్పష్టంగా వేగంగా ఉన్నారు. ముందువాడు గాలిని అడ్డుకోవడం దీనికి కొంత కారణం. ఆ సంగతి ఆయనకీ తెలుసు. అందుకని గాలితో పనిలేని ప్రయోగం ఒకటి చేశాడు. చేపల గాలానికి తాడు చుట్టే చిన్న చక్రాన్ని పిల్లల చేతికిచ్చి, ఒకసారి ఒంటరిగా, ఒకసారి పక్కపక్కన జంటగా తిప్పమన్నాడు. జంటగా తిప్పినప్పుడు సగంమంది పిల్లలు వేగం పుంజుకున్నారు. కొందరిలో మార్పేమీ లేదు. ఇంకొందరు అతి ఉత్సాహంతో తడబడి, ఒంటరిగా తిప్పినప్పటికంటే వెనకబడ్డారు. 1898లో ఆ వ్యాసం అచ్చయింది. ఆయన అంకెలు అంత గట్టివి కావని తర్వాతి కాలంలో తిరిగి లెక్క చూసినవాళ్ళు అన్నారు. అననీయండి. ఆ చివరి పిల్లలు నాకు ముఖ్యం. పక్కవాడి సమక్షం ఒకరిని వేగంగా తిప్పిస్తుంది, ఇంకొకరిని తడబడేలా చేస్తుంది. ఆదివారం గుంపులోనూ జరిగేది అదే.

ఇంకొక ఆధారం చూడండి. ఇది కొంచెం వింతగా ఉంటుంది. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం పడవ పందెం జట్టులో 12 మంది మీద జరిగిన ఒక అధ్యయనం 2009లో వెలువడింది. తెడ్లు లాగే యంత్రాల మీద వాళ్ళచేత ఒకసారి విడివిడిగా, ఒకసారి అందరూ ఒకే లయలో కలిసి సాధన చేయించారు. శ్రమ ఒకటే. సాధన అయ్యాక చేతికి బీపీ చూసే పట్టీ బిగిస్తూ, నొప్పి ఎక్కడ మొదలైందో చెప్పమన్నారు. కలిసి లాగిన రోజున వాళ్ళు ఎక్కువ బిగింపుని ఓర్చుకున్నారు. పరీక్షించిన మనుషులు తక్కువే. కానీ ఇందులో మనం గమనించాల్సింది ఒకటుంది. నలుగురితో కలిసి కదిలేటప్పుడు నొప్పి తక్కువగా తెలుస్తుంది. పండగలాంటి మాటే కదా అనిపిస్తుంది. గుంపులో ఇరవై కిలోమీటర్లు ఇట్టే అయిపోయినట్టుండడానికి బహుశా ఇదే కారణం. కానీ నొప్పి ఒక హెచ్చరిక కూడా. పిక్క పట్టేయబోతోందని, మోకాలు మొరాయిస్తోందని చెప్పేది ఆ నొప్పే. గుంపు మన వేగాన్ని పెంచుతుంది, ఆ వేగం ఎక్కువైందని చెప్పే గొంతునీ తగ్గిస్తుంది. రెండూ ఒకేసారి చేస్తుంది. చిక్కంతా అక్కడే ఉంది.

వేగం ఎక్కువైతే ఏమైంది, మంచిదే కదా అని మీరు అడగవచ్చు. లాంగ్ రన్ దేనికి చేస్తున్నామో గుర్తుంటే ఆ ప్రశ్న రాదు. మన కండరాల్లో, కాలేయంలో గ్లైకోజెన్ అనే పిండిపదార్థం నిల్వ ఉంటుంది. గట్టిగా పరిగెత్తితే అది గంటన్నర, రెండు గంటల్లో అడుగంటుతుంది. కొవ్వు మాత్రం ఎంత సన్నటి మనిషిలోనైనా బోలెడు ఉంటుంది. నెమ్మదిగా పరిగెత్తితే శరీరం కొవ్వుని ఎక్కువగా వాడుకుంటుంది, గ్లైకోజెన్‌ని పొదుపు చేస్తుంది. వేగం పెరిగేకొద్దీ గ్లైకోజెన్ వాటా పెరిగిపోతుంది. మొదటి పది కిలోమీటర్లు ఉరికినవాడి పరిస్థితి, పెళ్ళిలో మొదటి పంక్తికే గారెలన్నీ వడ్డించేసిన ఇంటిలాంటిది. ఆఖరి పంక్తికి అన్నం, చారే మిగులుతాయి. లాంగ్ రన్‌తో మనం శరీరానికి నేర్పాలనుకునేది ఆ పొదుపే. వారం వారం ఓపికగా చేస్తే కండరాల్లో సన్నటి రక్తనాళాలు పెరుగుతాయి, కణాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాలు పెరుగుతాయి, ఎముకలూ కీళ్ళ పట్టీలూ నెమ్మదిగా గట్టిపడతాయి. ఇవన్నీ కాళ్ళ మీద గడిపిన సమయంతో వచ్చేవి. రొప్పితే త్వరగా వచ్చేవి కావు. రొప్పితే వచ్చేది సోమవారం మెట్లు దిగలేకపోవడం, మంగళవారం పరుగు ఎగ్గొట్టడం.

సరే, ఆయాసపడే ఊపిరి వేగం నిర్ణయించాలన్నాం. దాన్ని ఎలా కొలవాలి? పరికరం అక్కర్లేదు. మాట చాలు. పరిగెత్తుతూ పక్కవాళ్ళతో రెండు మూడు వాక్యాలు తెరిపి లేకుండా మాట్లాడగలిగితే వేగం సరిపోయినట్టు. మాట ముక్కలవుతుంటే ఎక్కువైనట్టు. ఈ సూత్రం జాగింగ్ గుంపులంత పాతది. న్యూజిలాండ్‌లోని ఆక్లండ్‌లో ఆర్థర్ లిడియార్డ్ అనే శిక్షకుడు ఉండేవాడు. బూట్ల ఫ్యాక్టరీలో పనిచేస్తూ పరుగు నేర్పాడు. 1960ల మొదట్లో ఆయన ప్రోత్సాహంతో అక్కడ ఒక జాగింగ్ గుంపు తయారైంది. నడివయసు వ్యాపారస్తులు, గుండెజబ్బు వచ్చినవాళ్ళు కూడా అందులో చేరారు. అది చూడడానికి అమెరికా నుంచి బిల్ బవర్‌మన్ అనే పేరున్న కోచ్ వెళ్ళాడు. తర్వాత నైకీ కంపెనీ పెట్టిన ఇద్దరిలో ఒకడు ఆయన. ఛాంపియన్లను తయారుచేసిన మనిషి. అప్పటికి యాభై ఏళ్ళు దాటాయి. ఆ గుంపుతో కలిసి పరుగు మొదలుపెట్టి, కాసేపటికే వెనకబడిపోయాడు. అప్పుడు డెబ్బై దాటిన పెద్దాయన ఒకరు, అంతకుముందే గుండెపోటు వచ్చినాయన, వేగం తగ్గించి బవర్‌మన్ పక్కకి వచ్చి తోడుగా పరిగెత్తాడు. బవర్‌మన్ అమెరికా తిరిగివెళ్ళి జాగింగ్ మీద పుస్తకం రాశాడు. మాట్లాడగలిగేంత వేగంలోనే పరిగెత్తమన్నది జాగింగ్ ఉద్యమం అంతటా వ్యాపించిన మాట. నాకు మాత్రం ఆ పెద్దాయన చేసిన పనే గొప్పగా తోస్తుంది. గుంపుకి వేగం కుదిర్చే మనిషిని పేసర్ అంటారు. నన్నడిగితే ఆయనే పేసర్. ముందుండి లాగలేదు. వెనక్కి వచ్చి పక్కన నిలిచాడు.

ఊపిరి వేగం నిర్ణయించాలన్న మాటకి మొట్టమొదటి అభ్యంతరం అందరికీ తెలిసిందే. ఎప్పుడూ నెమ్మదిగా పరిగెత్తితే నెమ్మదిగా పరిగెత్తడమే అలవాటవుతుంది కదా అంటారు. ఇందులో పస లేకపోలేదు. కానీ మనం మాట్లాడుతున్నది వారంలో ఒక్క పరుగు గురించి. వేగం నేర్చుకోవడానికి మంగళవారం ఉంది, గురువారం ఉంది, స్టేడియంలో ట్రాక్ ఉంది. లిడియార్డ్ శిష్యుల్నే చూడండి. ప్రతి ఆదివారం ఆక్లండ్ పక్కన కొండల్లో 35 కిలోమీటర్ల పరుగు. దూరం పరిగెత్తేవాళ్ళే కాదు, 800 మీటర్లు పరిగెత్తే పీటర్ స్నెల్ కూడా. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో ఒకే రోజున స్నెల్ 800 మీటర్లలో, ముర్రే హాల్‌బర్గ్ 5000 మీటర్లలో బంగారు పతకాలు గెలిచారు. రెండు నిమిషాల్లోపు ముగిసే పందేనికి గంటలకొద్దీ పరుగు పునాది వేసింది. ఇక్కడ నిజం దాచకూడదు. వాళ్ళ ఆదివారం పరుగు మనకు మతిపోయేంత వేగం. నత్తనడక ఏమీ కాదు. కానీ అది వాళ్ళ ఊపిరికి లోబడిన వేగం. మన ఊపిరికి లోబడిన వేగం మనది. కెన్యా పరుగు వీరుల సంగతీ అంతే. పందెంలో కిలోమీటరుకి మూడు నిమిషాలు దాటనివాళ్ళు, తేలిక పరుగు రోజున పొద్దున్నే చూస్తే మన కాలనీ గుంపు కూడా కాసేపు వెంట వెళ్ళగలిగేంత మెల్లగా మొదలుపెడతారు. ఏళ్ళ తరబడి పరిగెత్తినవాళ్ళు లాంగ్ రన్ చివర్లో కొంత దూరం పందెం వేగంలో పరిగెత్తడమూ ఉంది. చేయవచ్చు. కానీ ఆ పని చేసేవాళ్ళు ముందే చెప్పి, విడిగా చేయాలి. గుంపుని వెంట లాక్కుపోకూడదు.

పేసర్ ఉన్నదే వేగం కోసం కదా అనేవాళ్ళూ ఉన్నారు. కెన్యా పరుగు వీరుడు ఎలియుడ్ కిప్‌చోగే వియన్నాలో పరిగెత్తినప్పుడు వంతులవారీగా 41 మంది పేసర్లు వెంట పరిగెత్తారు కదా అని గుర్తు చేస్తారు. 2019 అక్టోబర్ 12న ఆయన 1 గంట 59 నిమిషాల 40 సెకన్లలో మారథాన్ దూరం పూర్తిచేశాడు. నిజమే. కానీ ఆ పరుగులో అన్ని కిలోమీటర్లూ 2 నిమిషాల 48 సెకన్లకీ 2 నిమిషాల 52 సెకన్లకీ మధ్యలోనే పడ్డాయి. తేడా నాలుగంటే నాలుగు సెకన్లు. గాలిని అడ్డుకోవడం, వేగాన్ని చెదరనివ్వకపోవడం, ఇదీ ఆ 41 మంది పని. హుషారొచ్చి ఒక్కడు ముందుకు దూకి ఉంటే అంతా చెడేది. అంత వేగమైన పరుగులో కూడా పేసర్ చేసిన పని పట్టి ఉంచడమే. మన దగ్గర ఈ బాధ్యతని గుంపులో అందరికంటే వేగంగా పరిగెత్తేవాడికి గౌరవంగా అప్పగించడం అలవాటు. అది సరైన ఎంపిక కాదని నా అభిప్రాయం. అమెరికాలో 14 మారథాన్ల నుంచి 90 వేలకు పైగా ఫలితాలు తీసి చూసినప్పుడు, రెండో సగంలో మగవాళ్ళ వేగం ఆడవాళ్ళ వేగంకంటే ఎక్కువగా తగ్గినట్టు తేలింది. మొదట్లోనే ఉరకడం ఒక ముఖ్య కారణమై ఉండవచ్చు. కాబట్టి ఈసారి పేసర్ని ఎంచేటప్పుడు, మూడేళ్ళుగా ఒకే తీరున పరిగెత్తుతున్న ఆ వెనక వరసలోని ఆవిడని అడిగి చూడండి.

ఇక వాచీ సంగతి. ఇప్పుడు ప్రతి చేతికీ జీపీఎస్ వాచీ ఉంది. కిలోమీటరుకి ఏడు నిమిషాలని పెట్టుకుంటే అది చూసుకుంటూ వెళ్ళవచ్చు, మధ్యలో ఈ మాటల పరీక్ష ఎందుకు అంటారు. వాచీకి వేగం తెలుసు. ఆ రోజు ఎలాంటిదో తెలియదు. ఆగస్టు మారథాన్‌కి తయారీ ఏప్రిల్ చివర్లో, మే నెలలో మొదలవుతుంది. ఎండాకాలం మధ్యలో మొదలై, వానాకాలం ఉక్కలో ముగుస్తుంది. తెల్లవారుజామున చల్లగా ఉంటుందని అందరం అనుకుంటాం. చల్లగా ఉండేమాట నిజమే, కానీ గాలిలో తేమ శాతం రోజు మొత్తంలో ఎక్కువగా ఉండేది కూడా అప్పుడే. తేమ ఎక్కువైతే చెమట ఆరదు. చెమట ఆరకపోతే ఒళ్ళు చల్లబడదు. విశాఖ బీచ్ రోడ్డులో పరిగెత్తేవాళ్ళకి ఇది నేను చెప్పక్కర్లేదు. ఒంట్లో నీరు తగ్గేకొద్దీ, వేడి పెరిగేకొద్దీ, అదే వేగానికి గుండె ఇంకా ఇంకా త్వరగా కొట్టుకుంటుంది. పైగా హైదరాబాదులో ఎక్కడికి పరిగెత్తినా ఎత్తు పల్లాలే. హుస్సేన్‌సాగర్ ఒడ్డున మొదలై గచ్చిబౌలి స్టేడియం చేరేదాకా మారథాన్ దారిలో ఎన్ని ఫ్లైఓవర్లు, ఎన్ని చడావులు! జనవరిలో తేలిగ్గా అనిపించిన ఏడు నిమిషాలు జూన్‌లో భారమవుతాయి. చదునైన రోడ్డు మీద సరిపోయిన ఏడు నిమిషాలు చడావులో ఆయాసమవుతాయి. రాత్రి నిద్ర లేదనుకోండి, ఇంకా భారం. ఇవన్నీ కలిపి లెక్కకట్టేది ఊపిరి. వాచీ పెట్టుకోండి, ఇంటికి వెళ్ళి చూసుకోండి. దారిలో మాత్రం మాట వినండి.

వేగంగా పరిగెత్తగలవాళ్ళు మరి నష్టపోవాలా? ఈ అభ్యంతరాన్ని నేను తేలిగ్గా కొట్టిపారేయను. గంటన్నరలో హాఫ్ మారథాన్ పూర్తిచేసేవాడు, మూడు గంటలు పట్టేవాడి పక్కన ప్రతి వారం పరిగెత్తాలనడం అన్యాయం. అతనికి విసుగు, ఇతనికి మొహమాటం. పెద్ద గుంపుని రెండు మూడు చిన్న గుంపులుగా విడగొట్టడం ఒక దారి. మనుషులు తక్కువైతే ఇంకొక చక్కని ఉపాయం ఉంది. దూరాన్ని కాకుండా సమయాన్ని పంచుకోవడం. అందరూ ఒకేచోట ఒకేసారి బయల్దేరుతారు. ఎవరి ఊపిరికి తగ్గట్టు వాళ్ళు గంటసేపు వెళతారు. గంట కాగానే ఎక్కడున్నవాళ్ళు అక్కడే వెనక్కి తిరుగుతారు. ఇప్పుడు వేగంగా వెళ్ళినవాడు అందరికంటే వెనక, నెమ్మదిగా వెళ్ళినవాడు అందరికంటే ముందు. వెళ్ళిన వేగంతోనే వస్తే మొత్తం గుంపు ఇంచుమించు ఒకే సమయానికి మొదలుపెట్టిన చోటికి చేరుతుంది. మొదటి గంట ఉరికినవాడు రెండో గంటలో ఆలస్యమై దొరికిపోతాడు. ఎవరూ ఏమీ అనక్కర్లేదు. మిగతావాళ్ళు అప్పటికే ఇడ్లీ ప్లేట్లతో నిలబడి ఉంటారు.

ఇంత తంటా ఎందుకు, గుంపే వేగం పెంచుతున్నప్పుడు ఒంటరిగా పరిగెత్తుకుంటే పోలేదా? ఇది చివరి అభ్యంతరం, అన్నిటికంటే బలమైనది కూడా. ఒంటరి పరుగులో సుఖం ఉంది, కాదనను. వారంలో నాలుగు రోజులు ఒంటరిగానే పరిగెత్తండి. కానీ మూడు గంటల పరుగు వేరు. చీకట్లో రోడ్డు, వీధి కుక్కలు, వేగంగా దూసుకొచ్చే బండ్లు. ఆడవాళ్ళకి ఇవి కాక మరికొన్ని భయాలు. తోడు ఉండడమే సగం ధైర్యం. అంతకంటే పెద్ద కారణం ఒకటుంది. వడదెబ్బ ప్రమాదకరమైన స్థాయికి చేరితే మొదట దెబ్బతినేది తెలివి. మాట తడబడుతుంది, అడుగు తూలుతుంది, అడిగినదానికి పొంతన లేని జవాబు వస్తుంది. ఆ మనిషికి తనకేమైందో తెలియదు. ఇంకా పరిగెత్తుతాననే అంటాడు. గుర్తుపట్టగలిగేది పక్కవాళ్ళే. వెంటనే ఆపి, నీడలోకి చేర్చి, ఒళ్ళంతా చన్నీళ్ళు గుమ్మరిస్తూ ఆసుపత్రికి ఫోన్ చేయాల్సిందీ వాళ్ళే. మాట్లాడుకుంటూ పరిగెత్తే గుంపులో ఒకరి మాట ఆగిపోతే రెండో నిమిషంలో తెలుస్తుంది. తలలు వంచుకుని రొప్పుతూ పోయే గుంపులో ఒకరు తగ్గిపోయినా తెలియదు. అందుకే చివర్న ఒక అనుభవజ్ఞుడు తప్పనిసరిగా ఉండాలి. ఆయన వెనక ఎవరూ ఉండకూడదు.

పట్టి ఉంచే గుంపు ఎలా ఉంటుందో చూడాలంటే దక్షిణాఫ్రికా వెళ్ళాలి. మన తెలుగువాళ్ళు తరతరాలుగా స్థిరపడిన డర్బన్ నగరానికీ పీటర్‌మరిట్జ్‌బర్గ్‌కీ మధ్య కామ్రేడ్స్ మారథాన్ జరుగుతుంది. 1921లో మొదలైంది. ఇంచుమించు 90 కిలోమీటర్లు, అంతా కొండదారి. ఇప్పుడు గడువు 12 గంటలు. క్షణం దాటినా పూర్తిచేసినట్టు లెక్క కాదు. అక్కడ మామూలు జనం బస్సుల్లో వెళతారు. బస్సు అంటే చక్రాలున్నది కాదు. ఒక నాయకుడి చుట్టూ చేరి కలిసి పరిగెత్తే వందలమంది. ఆ నాయకుణ్ణి డ్రైవర్ అంటారు. ఆయన చెప్పినప్పుడు పరుగు, చెప్పినప్పుడు నడక. పాటలు పాడుకుంటూ వెళతారు. కొండ మొదట్లోనే, ఎవరికీ ఇంకా అలుపు రాకముందే, ఆయన నడవమంటే బలమైనవాడూ నడుస్తాడు, బలహీనుడూ నడుస్తాడు. మన గుంపుల్లో నడక అంటే చిన్నతనం. కానీ మ్యూనిక్ ఒలింపిక్స్‌లో 10,000 మీటర్లు పరిగెత్తిన జెఫ్ గాలోవే తర్వాత దశాబ్దాల పాటు పరుగు, నడక, మళ్ళీ పరుగు అనే పద్ధతినే నేర్పాడు. ఆయన షరతు కూడా ఇదే. అలిసిపోయాక కాదు, అలిసిపోకముందే నడవాలి. వచ్చే ఆదివారం ఫ్లైఓవర్ ఎదురైనప్పుడు, పేసర్ దాని మొదట్లోనే చెయ్యెత్తి నడక అని కేక వేయాలి. ఎవరికి అవసరమో చూసి కాదు. అందరికీ. పైదాకా నడిచి, అక్కడినుంచి మళ్ళీ పరుగు.